తాళిబొట్టు తాకిన చెయ్యి

వసుంధర పోయింది.

నిన్న పొద్దున అద్దంకి నుంచి ఫోన్. చట్నీకి పోపు వేస్తున్నాను. "మేడమ్, మా అత్తయ్య..." అని వాళ్ళ మేనకోడలు ఏడుస్తోంది. స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మొన్న ఆదివారమే కదా మాట్లాడింది! మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉన్నానంది.

మధ్యాహ్నానికల్లా వాళ్ళ ఫ్యామిలీ స్టేటస్‌లు మొదలయ్యాయి. పాత ఫోటో, చుట్టూ పూల ఫ్రేము, కింద "మా ఇంటి దీపం ఆరిపోయింది".

దీపమట.

ఆ దీపాన్ని ఒక్క శుభకార్యానికైనా హాల్లోకి రానిచ్చారా?

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి వసుంధర తెలియదు. అందుకే రాస్తున్నాను.

మేమిద్దరం అద్దంకి దగ్గర ఒకే స్కూల్లో టీచర్లం. తను తెలుగు, నేను ఇంగ్లీషు. తను పంతులుగారి అమ్మాయి, నేను చర్చి వాళ్ళమ్మాయిని. స్టాఫ్ రూములో తన గోంగూర పచ్చడి నా బాక్సులోకి, నా పప్పు తన బాక్సులోకి. వాళ్ళింట్లో తెలిస్తే అదో గొడవ.

తనకి పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. అప్పటి నుంచి అన్నయ్య ఇంట్లోనే. ఆ ఇంట్లో ఎవరు ప్రయాణమైనా వసుంధర ఎదురు రాకూడదు. ఎవరూ చెప్పక్కర్లేదు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే తనే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేది.

ఎనభైల్లో సంగతి. మారిషస్‌లో, ఎప్పుడో వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళ పిల్లలకి తెలుగు చెప్పడానికి టీచర్లు కావాలన్నారు. అప్లై చేసింది. సెలెక్ట్ అయింది. అన్నయ్య కూడా కాదనలేదు. ఇంట్లో ఒక అడ్డు తగ్గుతుంది అనుకున్నాడేమో!

బయల్దేరే రోజు సాగనంపడానికి గుమ్మంలోకి ఒక్కరూ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. కొత్తగా పెళ్ళయినదాన్ని. పెళ్ళి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, వీధి చివర నుంచి తనకి ఎదురు నడిచాను.

"ఏమే కమలా, మీ ప్రభువు ఊరుకుంటాడా ఈ శకునాలకి?" అంది నవ్వుతూ.

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలే గానీ, నువ్వు ముందు బస్సెక్కు."

మొదట్లో ఏడ్చిందట. చుట్టూ అక్కడి క్రియోల్ భాష, ఎటు చూసినా చెరుకు తోటలు, జూలైలో స్వెటర్లు. తర్వాత ఉత్తరాల్లో హుషారు వచ్చింది. "ఇక్కడి మిరపకాయ వేలెడు కూడా లేదే, కానీ దీని ముందు మన గుంటూరు కాయ పంచదార" అని రాసింది.

రెండేళ్ళకి, మేనకోడలి పెళ్ళికని లాంగ్ లీవు మీద వచ్చింది. మళ్ళీ వెళ్ళడానికి టికెట్ కూడా ఉంది. అప్పుడు చెప్పింది, అక్కడ స్టూడెంట్ వాళ్ళింట్లో జరిగిన పెళ్ళి గురించి.

తాళిబొట్టు పళ్ళెంలో పెట్టి పెద్దల చేత తాకించి ఆశీర్వాదం తీసుకుంటారు కదా. ఆ పళ్ళెం ముందు వసుంధర దగ్గరికే తెచ్చారట. తను వెనక్కి జరిగి, "నేను తాకకూడదండీ, నాకు భర్త లేడు" అందట. ఆ ఇంటి ముసలమ్మకి వచ్చిన తెలుగే అంతంత మాత్రం. "మా తాతల దేశం నించి వచ్చిన అమ్మ. అమ్మే ముందు" అని తన చెయ్యి పట్టుకుని మరీ తాకించిందట.

ఇది చెప్తూ వసుంధర ఏడ్చింది. అంత సంతోషంగా తనని నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత ఇక్కడ, మేనకోడలి పెళ్ళి. తాళిబొట్టు పళ్ళెం అందరి ముందుకీ తిప్పుతున్నారు. వసుంధర మామూలుగా చెయ్యి చాచి తాకింది.

తెగించి కాదు. మర్చిపోయింది. రెండేళ్ళలో తను వితంతువన్న సంగతి మర్చిపోయింది, అంతే.

వాళ్ళ వదిన పళ్ళెం లాక్కుని లోపలికి వెళ్ళి, పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టి తెచ్చింది. పెళ్ళి దాంతో కానిచ్చారు.

మూడో నెలలో ఆ పిల్లకి కడుపు పోయింది. "తాళి ఎవరు ముట్టుకున్నారో ఊరంతా చూసిందిగా" అంది వదిన. ఆ ఏడు తెల్లదోమ పడి జిల్లాలో పత్తంతా పోతే, దానికీ వసుంధర చెయ్యే కారణమన్న మహానుభావులున్నారు! మరి మిగతా జిల్లా వాళ్ళ తాళిబొట్లు ఎవరు తాకారో!

"టికెట్ ఉంది కదే, వెళ్ళిపో" అని బతిమాలాను.

"నా చెయ్యి మంచిది కాదేమోనే కమలా. పిల్లని ఇలా వదిలేసి ఎలా వెళ్ళను?"

వాళ్ళు అన్నది పోనీ అనుకోవచ్చు. తను నమ్మింది చూడండి, అది నేను ఈ జన్మకి క్షమించలేను.

వెళ్ళలేదు. తర్వాత మేనకోడలికి ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళకి స్నానాలు చేయించడానికి, అన్నం కలిపి పెట్టడానికి, అక్షరాలు దిద్దించడానికి ఆ చెయ్యి పనికొచ్చింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో అక్షింతలు వెయ్యడానికి మాత్రం పనికిరాలేదు.

మా మనవరాలికి వచ్చే నెల పెళ్ళి. పెళ్ళికూతుర్ని చావింటికి తీసుకెళ్ళొద్దని ఎంతమంది చెప్పారో. నిన్న తీసుకెళ్ళాను.

"అమ్మా, పెళ్ళి కావాల్సిన పిల్ల..." అని వసుంధర వాళ్ళన్నయ్య కుర్చీలోంచి ఏదో అనబోయాడు.

వసుంధర చెయ్యి ఎత్తి, మా పిల్ల తల మీద పెట్టాను. చల్లగా ఉంది. అందరూ చూశారు. చూడనీ.

అప్పుడు మేనకోడలు ముందుకొచ్చి తనూ తల వంచింది. ఆ చెయ్యి తన తల మీద పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఈ పని బతికుండగా చేసుంటే ఏం పోయేదమ్మా?

వెళ్ళిరావే వసుంధరా. నువ్వు వెళ్ళిన చోట నిన్నెవరూ వెనక గదిలోకి వెళ్ళమనకూడదని నా ప్రార్థన. ప్రశాంతంగా ఉండు.