కావాల్సిన బస్తా వంక చూడని మా పెదనాన్న

నిన్న పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెదనాన్న వెళ్ళిపోయారే" అంది.

నమ్మలేదు. కాల్ కట్ చేసి వాళ్ళబ్బాయి సుధీర్ అన్నయ్యకి చేశాను. అన్నయ్య కూడా అదే చెప్పాడు. ఒంగోలులో బస్సెక్కి కూర్చున్నాక కూడా, ఇద్దరూ పొరపాటు పడ్డారేమో అనుకుంటూనే ఉన్నాను.

ఒకరు చెప్పింది ఇంకొకరిని అడగకుండా నమ్మకూడదని నేర్పింది ఆయనే.

మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారులకి సరుకు కొనిపెట్టేవాడు. జీవితమంతా అనుమానమే. బస్తా పైన ఎర్రటి కాయ కనిపిస్తే, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్న కాయ తీసేవాడు. హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చినా ముందు విరిచి చూసేవాడు.

నా చిన్నప్పుడు, కాన్వెంటుకి సెలవని, ఒకరోజు నన్ను యార్డుకి తీసుకెళ్ళాడు. ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తుమ్ముతూ నిలబడ్డాను. ఒక బస్తాలో కాయ మెరిసిపోతోంది. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఆయన నా గడ్డం పట్టుకుని పక్కకి తిప్పాడు.

"అటు చూడమాకే! కావాల్సిన దాని వంక చూస్తే రైతు ధర దిగడు. ఇదిగో, ఈ రంగు పోయిన తాలుకాయ వంక చూడు. ఆశగా చూడు."

ఆశగా చూశాను.

మెరిసే బస్తా ఆయనకే దక్కింది.

చాలా ఏళ్ళ తర్వాత ఆయనకి నరాల జబ్బు వచ్చింది. ముందు చేతులు పోయాయి. తర్వాత మాట పోయింది. కళ్ళు మాత్రం మిగిలాయి.

ఆ జబ్బు కొందరిలో ఆలోచనని కూడా తినేస్తుందట. ఆయనకి తెలివి ఉందా, పోయిందా? ఇంట్లో అదే గొడవ. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఊళ్ళో మిర్చి పొలానికి బేరం వచ్చింది. ఆయనకి తెలివి లేదని రిపోర్ట్ వస్తే, ఆయన బదులు సంతకం పెట్టే హక్కు కోసం అన్నయ్య కోర్టుకి వెళ్ళొచ్చు.

ఇదంతా ఆయన ముందే మాట్లాడుకునేవాళ్ళు. గోడ ముందు మాట్లాడుకున్నట్టు.

టెస్ట్ చేయిద్దామన్నది అన్నయ్యే. అందుకే నాకు ఆ టెస్ట్ మీద అనుమానం. నేనూ వస్తానన్నందుకు అన్నయ్యకి నా మీద అనుమానం.

"నువ్వెందుకే? ఇంట్లో పుస్తకం చదువుకోక!"

"అక్కడే చదువుకుంటాలే అన్నయ్యా."

ఆసుపత్రిలో సైకాలజిస్ట్ మేడమ్ ఆయన ఎదురుగా ఒక స్క్రీన్ పెట్టారు. దాని కింద చిన్న కెమెరా. చూపు ఎటు పోతే అటు కనిపెడుతుంది. రాయలేని, మాట్లాడలేని మనిషి ఎంత ఆలోచించగలడో, తన మనసుని ఎంత అదుపులో పెట్టుకోగలడో కళ్ళ కదలికతోనే కొలుస్తారట. "ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్" అన్నారామె.

పెదనాన్న ఆ కెమెరాని చూసిన చూపు నాకు తెలుసు. యార్డులో కొత్త కాటాని అలాగే చూసేవాడు.

మొదటి టెస్ట్. పైన ఒక బొమ్మ, కింద రెండు. పైదానికి జోడీ ఏదో దాన్ని చూడాలి.

అన్నీ తప్పే.

మేడమ్ ఏదో రాసుకున్నారు. అన్నయ్య నా వంక "చూశావా?" అన్నట్టు చూశాడు.

నాకు అక్కడే తేడా కొట్టింది. ఏమీ తెలియనివాడు ఊరికే చూసినా ఒకటో రెండో తగలాలి కదా. ఒక్కటి కూడా తగలకుండా చూడాలంటే, సరైనదేదో తెలియాలి.

రెండో టెస్ట్. స్క్రీన్ మీద ఒక పక్కన చుక్క వెలుగుతుంది. దాన్ని చూడకూడదు. వెంటనే అవతలి పక్కకి చూడాలి. కన్ను దానంతటదే వెలుగు వైపు పోతుంది, ఆపుకోవడమే కష్టమట.

పెదనాన్న ఆపుకున్నాడు. చుక్క ఎటు వెలిగినా, తడబడకుండా, రెండో వైపుకే.

"ఏ జబ్బూ లేనివాళ్ళే ఇక్కడ తడబడతారండీ. ఇంత కష్టమైనది చేసి, ఆ తేలికది ఎందుకు చేయలేకపోయారు?" అన్నారు మేడమ్.

కొత్తవాళ్ళ ముందు నేను మాట్లాడను. అయినా చెప్పాను.

"మేడమ్, ఆయన యార్డులో సరుకు కొనేవారండీ. కావాల్సిన దాని వంక చూడరు."

తర్వాత ఆయన చెవి దగ్గర వంగాను. "పెదనాన్నా, ఇది బేరం కాదు. ఎదురుగా రైతు లేడు. ఏది జోడీయో దాన్నే చూడు."

ఆయన నా వంక అనుమానంగా చూశాడు. తర్వాత అన్నయ్య వంక. తర్వాత స్క్రీన్ వంక.

ఈసారి అన్నీ కరెక్ట్.

మేడమ్ కూడా నమ్మలేదు. బొమ్మలు మార్చి మళ్ళీ పెట్టారు. మళ్ళీ కరెక్ట్.

పొలం సంగతి కూడా అడగమని నేనే బతిమాలాను. స్క్రీన్ మీద ఒక పక్క "అమ్మండి", ఇంకో పక్క "వద్దు". పెదనాన్న "వద్దు" మీద చూపు పెట్టి, ఇక తీయలేదు.

"ఆగండాగండి," అన్నాడు అన్నయ్య. "కావాల్సిన దాని వంక చూడడని ఇదే అందిగా? మరి ఇప్పుడు 'వద్దు' వంక చూస్తే అమ్మమనా?"

మేడమ్ నవ్వేశారు. పెదనాన్న కళ్ళు కూడా నవ్వాయి.

పొలం అమ్మలేదు. ఈ ఏడు కూడా మిర్చే వేశారు. ఆ తర్వాత ఏ సంగతైనా ఆయన్ని అడిగే చేశారు.

నిన్న సాయంత్రం, అంతా అయ్యాక, అన్నయ్య వరండాలో కూర్చుని ఏడ్చాడు. దాన్ని కూడా కాసేపు అనుమానంగానే చూశాను.

"చివర్లో నా వంక చూడనేలేదే. నేను గదిలోకొస్తే చాలు, కిటికీ వైపు తిప్పేసేవాడు కళ్ళు. ఆ పొలం బేరం మనసులో పెట్టుకునే పోయాడు."

"అన్నయ్యా, ఆయన కావాల్సిన దాని వంక ఎప్పుడైనా చూశాడా?"

అన్నయ్య ఏడుపు ఆపాడు. నా వంక అనుమానంగా చూశాడు.

"నిజమేనంటావా?" అన్నాడు.

ఆయన కొడుకే.

నేను గదిలోకి వెళితే మాత్రం పెదనాన్న కళ్ళు నా మీదే ఉండేవి. ఆ మాట అన్నయ్యకి చెప్పలేదు.

పెదనాన్నా, ఇక ఎవరూ ధర పెంచరు. కావాల్సిన వైపే చూసుకో.

నిమ్మళంగా ఉండు.