పదకొండు గంటలకు విచ్చే పువ్వు

1982 వేసవి: నా క్వార్టరు ముందరి మడిని "కలుపు" అని రాసి, తోటల పోటీ నుంచి తొలగించారు.
1983 వేసవి: నన్ను అడగకుండా సగం మడి పీకించారు.
1984 వేసవి: మిగతా సగం నేనే పీకి, పచ్చిక లాను వేయాలని నోటీసు ఇచ్చారు.

ఈ మూడూ మా రేవు ఉద్యోగుల కాలనీ తోటల కమిటీ చేసిన పనులు. ఆ మడిలో ఉన్నది సన్నపాయల. నేలను అంటుకుని పాకుతుంది, చిన్న దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది, పసుపుపచ్చగా పూస్తుంది. నా భార్య దాన్ని ఆనందపురం దగ్గరి పుట్టింటి పొలంగట్టు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. అప్పట్లో మాకు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. రేవులోని ఇనుపఖనిజం గుట్టల మీంచి లేచే ఎర్రదుమ్ముకు గులాబీలు మాడిపోయేవి. ఇది మాత్రం బియ్యం కడిగిన నీళ్లతోనే బతికింది. ఈ నేల మొక్కకు ఈ నేల మీదే చోటు లేదంటే నేను ఒప్పుకోలేకపోయాను.

కమిటీ కార్యదర్శి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి. ఏటా తనిఖీకి సాయంత్రం, ఆఫీసు అయ్యాక వచ్చేవారు. సన్నపాయల పువ్వు ఎండెక్కాక విచ్చి, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది.

"పువ్వులెక్కడండీ?" అన్నారు, మూడో ఏడు కూడా.

"ఆదివారం పదకొండు గంటలకు రండి," అన్నాను.

"దర్శనానికి వేళలు కూడానా? అయితే గుడి కట్టించండి మరి."

గుమ్మంలోంచి నా భార్య అందుకుంది: "పొద్దోయాక బడికెల్లి పిల్లల్లేరంటే తప్పు మేస్టారిదా ఏటి బాబూ?"

ఆయన నవ్వలేదు. నోటీసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

అంతకు ముందు ఏడాది మా మడిలో పీకించిన మొక్కలను, ఎండి ఎరువవుతాయని, ఆయన తన లాను అంచున పోయించుకున్నారు. సన్నపాయల అలా చావదు. తెగిన ముక్క మట్టిని తాకితే చాలు, వేరు పడుతుంది. ఆ ఆదివారం పదకొండు గంటలకు వెళ్లి ఆయన గేటు ముందు నిలబడ్డాను. నీళ్లు చాలక లాను ఎండిపోయి ఉంది. అంచు పొడుగునా పసుపు పువ్వులు. వాటిని తొక్కకుండా పక్కగా నడుస్తూ, ఆయన భార్య పూజకు కోసుకుంటున్నారు.

మర్నాడు కమిటీకి లేఖ ఇచ్చాను. జవాబు రాలేదు. నేను మడి పీకలేదు, క్వార్టరు ఖాళీ చేసేదాకా పీకలేదు. ఆ లేఖలో కోరినదే ఇక్కడ మళ్లీ కోరుతున్నాను:

నా మడిలోనిది కలుపైతే, కార్యదర్శిగారి లాను అంచున పూసినది ఏమిటి? దానికి నోటీసు ఎప్పుడు ఇస్తారు? ఎండలో వచ్చి, కళ్లారా చూసి, సంతకంతో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసింది.