తరుగు తీసిన తూకం

బద్వేలులో వేరుశనగ కొనే అంగడివాళ్ల కూతురు శ్రీవాసవి, కర్నూలు కాలేజీలో చేరినప్పటి నుంచి ఆరోగ్యం మీద గట్టి పట్టుదలతో ఉంది. తెల్లారగానే చున్నీ నడుముకు బిగించి, కాలువ గట్టు మీద చేతులు విసురుకుంటూ నడుస్తుంది. ఆ నడక రోజూ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి దగ్గరే ముగుస్తుంది. అక్కడ మిరపకాయ బజ్జీలను కాగితంలో పెట్టి, కక్ష తీర్చుకుంటున్నట్టు ఒత్తుతుంది. నూనె పోయింది కాబట్టి ధైర్యంగా ఇంకో రెండు వేయించుకుంటుంది.

ఆదివారం తలంటుకుని హాస్టల్ తూకం మిషను ఎక్కితే, చేరిన నాటికంటే ఐదు కిలోలు ఎక్కువ చూపించింది. వాసవి జంకలేదు. తడిజడకు కిలో, గాజులకూ బట్టలకూ కిలో తీసేసి, తరుగు కింద ఇంకో మూడు కిలోలు కొట్టేసింది.

"తరుగేంది మే?" అంది పక్క మంచం నిస్సీ. వాళ్ల నాయన పండించే వేరుశనగ చేరేది వాసవి వాళ్ల అంగడికే.

"తేమ, మన్ను ఉంటాది గదా. మా నాయన ప్రతి మూటకూ తీస్తాడు. తీసినాక ఉండేదే అసలు తూకం," అంటూ తేలిగ్గా దిగింది వాసవి.

మరునాడు బండి దగ్గర నిస్సీ, వాసవి ప్లేటులోంచి మూడు బజ్జీలు తీసి తన ప్లేటులో వేసుకుంది.

"యాడికి తీసకపోతాండావు?"

"తరుగు. నూనె ఉండాది గదా."

"ఇంత తీస్తే ఎట్ల మే? అన్యాయం గదా."

"మా నాయన గూడా ఆ మాటే అంటాడు," అని నిస్సీ బజ్జీ కొరికింది.