కోమల ఎంచిన పెరుగు డబ్బా

మంచిర్యాల గోదారి ఒడ్డున ఉన్న చేపలవాడలో కోమలను మొండిఘటం అంటారు. అననీ. ఆ మొండితనమే లేకపోతే ఆమె ఫైబర్ పడవ ఈపాటికి కోళ్లగూడు అయ్యుండేది.

భర్త మల్లేష్ పోయాక ఆమెకు మిగిలినవి ఆ పడవ, చేపల సంఘంలో అతని చోటు. ఆ సంఘానికో కట్టుబాటు ఉంది. చెరువులో చేపలు పట్టే రోజున పడవ ఉన్నవాళ్లు నీళ్లలోకి పోయి వల లాగాలి, లేనివాళ్లు ఒడ్డున కూర్చుని చేపలు ఏరాలి. ఏరడం తక్కువ పనేం కాదు. కానీ వల చేతికలవాటైన మనిషిని ఒడ్డున కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో కోమలనే అడగాలి. సోమవారం చెరువు పడతారనగా, శుక్రవారం ఆమె పడవ బండకు తగిలి అడుగు పగిలింది.

మల్లేష్ వాళ్లన్న రాయమల్లు వచ్చి వంగి చూశాడు.

"ఇది అయ్యేది కాదు కోమలా. గీసారికి ఒడ్డున కూసో. నీ వాటా యాడికి వోదు."

"వాటా ఫికర్ గాదు బావా. నేను కూసుండేదాన్ని గాదు."

మర్నాడు బజారుకు పోయి పడవ అతికే రెజిన్ జిగురు డబ్బా, దాన్ని గట్టిపరిచే మందు, ఫైబర్ గుడ్డ తెచ్చింది. "కల్పి పూసుడే" అన్నాడు దుకాణమాయన. దేంట్లో కలపాలో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. చేపలమ్మే ఇంట్లో గిన్నెలకు కరువా? ఐసు పెట్టే థర్మాకోల్ పెట్టె ఉండనే ఉంది. ఎండాకాలమంతా ఐసునీళ్లు మోసినా చుక్క కారనిది. అందులోనే పోసింది. చూస్తుండగానే పెట్టె అడుగు వెన్నలా కరిగి, రెజిన్ వాకిట్లో పారింది. ఐసునీళ్లను ఆపిన పెట్టె దేన్నైనా ఆపుతుందనుకోవడం చేపలోళ్లకే వచ్చే పొరపాటు.

అత్త రామవ్వ తన స్టీలు చెంబు తెచ్చిచ్చింది. ఈసారి చెంబు కరగలేదు గానీ, నిండా కలిపిన రెజిన్ రెండు కుంచెలు పూసేలోపే సలసల కాగి, పొగలు కక్కి, కలిపిన కట్టెతో సహా రాయైపోయింది.

"నా అవ్వగారింటి చెంబు" అని రామవ్వ నెత్తి పట్టుకుంది.

రెజిన్ డబ్బా అడుగున ఒక్క అతుకుకు సరిపడా మిగిలింది. అదీ పోతే ఒడ్డే గతి. కోమలకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. చేతులు ఎటూ కాలాయి, ఇప్పుడైనా ఆకులు పట్టుకుందామని కూర్చుంది. గిన్నెలో వేడన్నం ఆరదు, తాంబాళంలో పరిస్తే ఆరుతుంది. ఇదీ అంతే అయ్యుంటుంది. వెడల్పుది కావాలి, కొంచెం కొంచెమే కలపాలి. మరి కరగనిదేది? ఇంట్లో ఉన్న తీరుతీరు డబ్బాల్లో చెంచాడేసి రెజిన్, ఇంత మందు వేసి చూసింది. చాయ్ తాగే పల్చని ప్లాస్టిక్ గిలాస మెత్తబడి చేతికంటుకుంది. పెండ్లింట్లోంచి తెచ్చుకున్న వెడల్పు పెరుగు డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. పొద్దున దాన్ని రెండు చేతులా వంచితే ఎండిన పెచ్చు టక్కున ఊడి కిందపడింది.

"అండ్ల ఉప్పుండే గదనే. ఇప్పుడు ఉప్పు దేంట్ల పోసుకోవాలె?" అంది రామవ్వ.

"ఇయ్యాల్టికి కొంగుల కట్టుకో అత్తా."

ఆదివారమంతా అదే పని. కొద్దిగా కలపడం, గుడ్డ పరిచి పూయడం, డబ్బా వంచి పెచ్చు రాల్చడం, మళ్లీ కలపడం.

సోమవారం పడవ చెరువు నడిమికి పోయాక కోమల చెప్పు విడిచి అతుకు మీద పాదం ఆనించింది. పొడిగా ఉంది. మల్లేష్ గుర్తొచ్చాడు, కానీ ఏడుపు రాలేదు. ఛాతీ నిండా గర్వమే. పక్క పడవలోంచి రాయమల్లు వల సంగతి మరిచి ఆమె పడవ అడుగునే చూస్తున్నాడు.

వానలు పడ్డాక ఒకరోజు రాయమల్లు కోమల గుమ్మం ముందుకొచ్చాడు. ఆయన పడవ ముక్కు చీలింది. చేతిలో శుభ్రంగా కడిగిన పెరుగు డబ్బా ఉంది.

"గీ డబ్బా పనికొస్తదా కోమలా?"

కోమల దాన్ని తీసుకుని, అటూ ఇటూ వంచి, ఎండకు పట్టి చూసింది.

"వస్తది గనీ, ముందుగాల ఓ చెంచాడు పోసి చూద్దాం. గప్పటిదాక నువ్వు ఒడ్డున కూసో బావా."