సిమెంటు మీద ఇసుక

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఖరగ్‌పూర్‌లో ఇందా మార్కెట్ దాటాక, బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకునే రోడ్డు పక్కన మా గ్యారేజీ. ఇంజన్ పని మా ఆయనది. చక్రాలు, సస్పెన్షన్, బ్రేకులు నావి. బెంగాలీ కస్టమర్లు నన్ను బౌదీ అంటారు, అంటే వదిన. మొదట్లో "మిస్త్రీ ఎక్కడ?" అని నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసేవారు. ఇప్పుడు మానేశారు. ఈ లైన్లో నాకు మంచి ఓపికుందని పేరు. ఆ పేరు నరసింగరావు అన్నయ్య కారు మా గుమ్మం ముందు ఆగకముందు వచ్చింది.

అన్నయ్య మా ట్రాఫిక్ వాడే. ట్రాఫిక్ అంటే మా రైల్వే కాలనీ. సొంత అన్న కాదు, మా అన్న స్నేహితుడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా తాతలిద్దరూ ఒకే వర్క్‌షాపులో పనిచేశారు. ఆయన గూడ్స్ లోకో పైలట్. ఆ ముందు ఏడాది కంటి పరీక్షలో ఎడమ కన్ను చాలదని తేలింది. డీకేటగరైజ్ చేశారు. అంటే జీతం ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, రైలు మాత్రం నడపకూడదు. డ్యూటీకొచ్చే డ్రైవర్లు సంతకాలు పెట్టే గదిలో కుర్చీ వేశారు. కారు లైసెన్సుకి ఆ చూపు సరిపోతుంది. ఆ ధైర్యంతోనే పాత చిన్న కారొకటి కొని, ఆటోక్రాస్‌లో దిగుతానని బయల్దేరాడు.

ఆటోక్రాస్ అంటే ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి చూపిస్తారు. ఒకసారికి ఒక్క కారే. ఎవర్నీ దాటక్కర్లేదు, పోటీ గడియారంతోనే. కోను తగిలితే సమయం కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. చివర్లో స్టాప్ బాక్స్ అని గీతలుంటాయి, వాటి మధ్య బండి పూర్తిగా ఆగాలి. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి ఆట లేదు. ఉన్న కారుని శుభ్రంగా సర్వీసు చేయించుకుని వెళ్తే చాలు. ఈ ఒక్క ముక్కా ఎవరి చెవికీ ఎక్కదు.

"ఏటి అన్నయ్యా ఇది?"

"రేసు కారు సెల్లీ. మోడిఫై సేయించినాను."

"నేల మీద కూకున్న గేదెలాగున్నాది!"

ఎవడో వెల్డింగ్ షాపువాడు గ్రైండర్‌తో స్ప్రింగులు కోసేశాడు. కారు కిందకుంటే మలుపులో బాగుంటుందని ఫోన్లో చూశాడట. కిందకుండటానికి వేరే స్ప్రింగులు, వాటికి తగ్గట్టు ఊపు ఆపే డేంపర్లు ఉంటాయి. కోసిన స్ప్రింగుకి ఆగే చోటుండదు, చిన్న గుంటలో కూడా కారు పొట్ట నేలకి కొట్టుకుంటుంది. ఆపైన వెడల్పు టైర్లు. స్టీరింగ్ సగం తిప్పగానే లోపలి ప్లాస్టిక్‌ని గీరుతున్నాయి. వెనక రెక్కలాంటి స్పాయిలర్ ఒకటి, ఇందా అంతా ఉలిక్కిపడే సైలెన్సర్ ఒకటి. బ్రేక్ ప్యాడ్లు చూస్తే రేకులా అరిగిపోయి ఉన్నాయి. కంటికి కనబడేదంతా మార్చాడు, ప్రాణం కాపాడేది ముట్టుకోలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కువగా మండుకొచ్చింది.

అలైన్‌మెంట్ మెషిన్ మీదకి ఎక్కించాను. నాలుగు చక్రాలూ ఒకే మాట మీద ఉన్నాయో లేదో చెప్పే యంత్రం అది. మనిషి నిలబడితే కాలివేళ్లు లోపలికి తిరిగాయా బయటికి తిరిగాయా అన్నట్టు చూసేది టో. చక్రం నిలువుగా ఉందా, పక్కకి వాలిందా అని చూసేది కేంబర్. అన్నయ్య కారుకి తెర మీద అన్నీ ఎర్రగా వచ్చాయి. అంతకంటే వింత, వెనక భాగం మరీ కుంగి ఉంది. డిక్కీ తెరిచాను. నాలుగు గోనె మూటలు.

"ఇల్లు కడతన్నావేటి అన్నయ్యా? ఇసకెందుకు?"

"బరువు లేకపోతే సక్రం జారిపోద్ది సెల్లీ. నీకు తెల్దు."

నాకు తెలియదట! ఇక్కడ రైలింజన్ సంగతి కొంచెం చెప్పాలి. పట్టా ఇనుము, చక్రం ఇనుము. వానలో లోడు బండిని ఎత్తు ఎక్కించేటప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. దాన్ని వీల్ స్లిప్ అంటారు. అందుకే ఇంజన్‌కి శాండ్ బాక్స్ ఉంటుంది. డ్రైవరు మీట నొక్కితే చక్రం ముందు పట్టా మీద ఇసుక పడుతుంది, చక్రం పట్టుకుంటుంది. ఇంజన్ ఎంత బరువుంటే అంత పట్టు. ముప్పయ్యేళ్లు ఈ రెండింటినీ నమ్ముకుని బతికిన మనిషి కారు కొనగానే చేసిన మొదటి పని ఇసుక కొనడం.

"లాగే సక్రాలు ముందున్నాయి. నువ్వు బరువు ఎనక ఎట్టినావు. ముందు తేలిపోతాది, తోక తిరిగిపోతాది. తీసేయ్," అన్నాను.

"రెండు మూటలు ఉంచుదుమా?"

"ఒక్కటీ ఒద్దు!"

మూటలు దింపించాను. స్ప్రింగులు, టైర్లు కంపెనీ కొలతవి వేశాను. ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్చాను. స్పాయిలర్ విప్పుతుంటే పన్ను పీకుతున్నట్టు మొహం పెట్టాడు. పని జరిగినన్నాళ్లూ ఆఫీసు వదలగానే సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. "ఇసకో?" అని అడిగేవాడు. వద్దనేదాన్ని. మర్నాడు మళ్లీ అడిగేవాడు. ఒకరోజు విసిగిపోయి స్పానర్ బల్ల మీద కొట్టి అడిగాను.

"ఈ వయసులో నీకీ రేసేటి అన్నయ్యా? ఎవరు బతిమాలినారు?"

ఆయన స్పానర్ తీసి దాని చోట పెట్టాడు.

"ఆఖరి బండి ఆఖరిదని తెల్దు సెల్లీ. రోజూలాగే సంచీ బుజానేసుకుని దిగిపోయినాను. తరవాత డాకటరు సూసినాడు, అయిపోనాది. తెలిసుంటే ఇంజను మీద సెయ్యేసి దిగుదును గదా."

వెళ్లి నట్లు బిగించుకున్నాను.

ఆ మర్నాడు ఆయన భార్య పార్వతి వదిన వచ్చింది, ఆయన ఆఫీసులో ఉండే వేళ చూసుకుని.

"వరలచ్చిమీ, ఆ కారుకేదో రోగముందని సెప్పీ. పోటీ అయిపోయినాక బాగుసేసి ఇద్దువు."

"అబద్ధమాడమంటావేటి వదినా?"

"ఈ ఒక్కసారి సరిగ్గా నడవకపోతే తాళం నా సేతిలో ఎట్టేస్తానన్నాడు, మరి జన్మలో స్టీరింగు ముట్టనన్నాడు. అన్నాడంటే అంతే ఆ మనిసి. డాకటరు ఒద్దంటే డాకటర్ని తిట్టుకున్నాడు, బతికినాడు. తనకి తానే సేతకానోడినని తెలిస్తే ఎవుర్ని తిట్టుకుంటాడు?" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది. నేను చక్రాలు సరిచేసే దాన్ని, కాపురాలు కాదు. ఆవిడ చెప్పినట్టు చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ బాగున్న బండిని బాగోలేదని చెప్పడం నా వల్ల కాదు. "నేనూ కూడా ఎల్తాను వదినా," అన్నాను. అలా నా ఆదివారం పోయింది.

పోటీ పెట్టింది రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసి వదిలేసిన సిమెంటు రన్‌వే మీద, సాల్ చెట్ల మధ్య. కోల్‌కతా నుంచి వచ్చిన క్లబ్బువాళ్లు కోన్లు పెట్టారు. తెల్లారి తుంపర పడి సిమెంటు చెమ్మగా ఉంది. పోటీకి ముందు స్క్రూటినీ ఉంటుంది. బ్యాటరీ కదులుతోందా, ఆయిల్ కారుతోందా, కారులో విడి వస్తువులున్నాయా అని చూస్తారు. మా కారు మొదటిసారికే పాసయింది. గర్వంగానే నిలబడ్డాను. అన్నయ్య చేతిలో ఇంజన్ డ్యూటీల నాటి టిఫిన్ క్యారేజీ ఉంది. వదిన పులిహోర పెట్టిందనుకున్నాను.

మా వంతు వచ్చింది. స్టార్ట్ గీత దగ్గర కారు ఆపి ఆయన దిగాడు. టిఫిన్ మూత తీశాడు. ముందు చక్రాల ముందు వంగి, విత్తనాలు జల్లినట్టు శ్రద్ధగా జల్లాడు. ఇసుక! నేను అరుస్తూ పరిగెత్తేలోపు ఎక్కి కూర్చున్నాడు, జెండా పడింది.

చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి. ఆయన ఇంకా తొక్కాడు. కారు పట్టు దొరికీ దొరకగానే పక్కకి దూకింది, ఎడమ వరసలో కోన్లన్నీ ఎగిరిపోయాయి, మలుపు దాటి గడ్డిలోకి వెళ్లి ఆగింది. ఆ పరుగు రద్దు. జెండా పట్టుకున్నాయన తల పట్టుకుని, "దాదా, ఎ కీ కోర్‌ఛేన్!" అని బెంగాలీలో కేకలు, ఇదేం పని అన్నయ్యా అని. వెనకొచ్చే కార్లన్నీ జారవా, ఇదంతా శుభ్రం చేస్తేనే రెండో పరుగు, లేదంటే ఇంటికి వెళ్లండన్నాడు. తప్పేముంది ఆయనది?

అన్నయ్య కారు తెచ్చి పక్కన పెట్టాడు. తాళం తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అయిపోనాది సెల్లీ. పదా, ఎల్లిపోదుం. మీ వదినకి ఇచ్చెస్తాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ కొట్టువాడి దగ్గర చీపురు లాక్కొచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ముందు తుడు! అక్కడ ఇనుము మీద ఇనుము, మజ్జిలో ఇసక నలిగి పట్టుకుంటాది. ఇక్కడ సిమెంటు మీద రబ్బరు. ఇసక నలగదు, కింద గోళీల్లాగ దొర్లుతాది!"

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు గదా."

"సెప్పినాను! రోజూ సెప్పినాను! నువ్వినలేదు!"

నిజానికి బరువు గురించే చెప్పాను, ఒద్దనే అన్నాను, ఇలా విడమర్చలేదు. అది ఆ పూట ఒప్పుకునే స్థితిలో లేను. ఆయన హెల్మెట్‌తోనే వంగి స్టార్ట్ గీత అంతా ఊడ్చాడు. రెండుసార్లు ఊడ్చాడు. చూసేవాళ్లు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

రెండో పరుగుకి స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు, కదలడే! కిటికీలోంచి తల పెట్టాను.

"మళ్లీ ఏటి?"

"పక్కన పలికే మనిసి లేకుండా నానెప్పుడూ ఇంజను కదపనేదు సెల్లీ."

ఇంజన్లో డ్రైవరు సిగ్నల్ చూసి పైకి చెప్పాలి, అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా వస్తేనే అది ఖాయం. ఇన్నాళ్లూ ఆయన చక్రాలు చూశాను గానీ పక్క సీటు ఖాళీగా ఉందని చూడలేదు. ఎడమ పక్క సీటు. ఎడమ కన్ను. మొదటి పరుగులో ఎగిరిపోయినవి ఎడమ కోన్లే. కొత్తవాళ్ల తరగతిలో పక్కన ఒకరు కూర్చోవచ్చని రూలుంది. హెల్మెట్ అరువు తెచ్చుకుని, చీర బెల్టులో ఇరుక్కుని, ఎక్కి కూర్చున్నాను. నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

జెండా పడింది. కారు జారలేదు.

"కుడి మలుపు," అన్నాడు. నేను ఊరుకున్నాను. "అనాల సెల్లీ!"

"కుడి మలుపు!" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఎడమ కోను."

"ఎడమ కోను. దగ్గిరగా ఉన్నాది, కుడికి రా!"

"కుడికి వొచ్చినాను."

అలా అరుచుకుంటూ పోయాం. వేగం గురించి చెప్పకపోవడమే నయం. నడిచేవాడు దాటిపోడు గానీ సైకిలువాడు దాటిపోయేవాడు. స్టాప్ బాక్స్ ఇంకా అంత దూరం ఉండగానే ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు, గూడ్సు బండి ఆపే అలవాటు. ఇంకా వేగంగా పొమ్మని అరవబోయి మానేశాను. కారు మెల్లగా తగ్గి, తగ్గి, గీతల మధ్య ఆగింది. ఒళ్లో గ్లాసుతో టీ ఉన్నా తొణికేది కాదు. ఒక్క కోను తగల్లేదు. ఫలితాల్లో కిందనుంచి రెండోవాడు.

ఆయన ఇంజన్ ఆపి దిగాడు. తలుపు మెల్లగా వేసి, ముందుకొచ్చి, వేడిగా ఉన్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. జెండా పట్టుకున్నాయన కారు పక్కకి తీయమని ఊపుతున్నాడు, వెనక కారు హారన్ కొడుతోంది. నేనెళ్లి, "కాసేపు ఆగండి దాదా," అని గట్టిగా అన్నాను. ఆగారు. తరవాత అన్నయ్య వచ్చి తాళం నా ముందుకి చాపాడు.

"బండి సరిగ్గున్నాది సెల్లీ. రిమార్కు ఏటీ నేదు."

దిగే డ్రైవరు ఎక్కే డ్రైవరుకి అప్పజెప్పే మాట అది. తాళం తీసుకోలేదు. "నీ బండి నువ్వే తోలు," అని ఎడమ సీట్లో ఎక్కి కూర్చున్నాను.

అప్పటినుంచి రేసంటూ ఎవరొచ్చినా ముందు కారు చూడను. ఇంతకుముందు ఏమి నడిపావని అడుగుతాను. స్కూటరు నడిపినవాడు మలుపులో ఒళ్లు వాలుస్తాడు, లారీ నడిపినవాడు స్టీరింగ్‌ని బస్తాలా తిప్పుతాడు. కారుకి ఏం తగిలించాలన్నది ఆ తరవాత మాట. చాలాసార్లు తగిలించాల్సింది ఏమీ ఉండదు. విప్పాల్సిందే బోలెడు.

అన్నయ్య ఇంకా వస్తాడు, ఇంకా ప్రాణం తీస్తాడు. డిక్కీ తెరిచి చూడకుండా ఆయన కారు లిఫ్ట్ ఎక్కించను. మొన్న తెరిస్తే అదే టిఫిన్ క్యారేజీ. ఒళ్లు మండి మూత లాగాను.

పులిహోర. వదిన నాకని పంపింది.