జమ్మలమడుగు పాఠకుడు

ఇన్నేండ్లూ ఈ బరువు మోస్తానే ఉండా. ఎవురికీ చెప్పలేదప్పా, పెండ్లానికి కూడా. నోటిదాకా వస్తాది, మళ్లా మింగేస్తా. నువ్వు నన్నెరగవు, నేను నిన్నెరగను. అందుకే నీకు చెప్తాండా.

ప్రొద్దుటూరులో ఒక చిన్న మాసపత్రికలో పని చేస్తాంటి. ప్రూఫులు దిద్దేది, పాఠకుల ఉత్తరాల పేజీ చూసేది నేనే. పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉన్న ఓబులేసన్న మాకు నెలనెలా 'ఎకసెక్కాలు' అని రాస్తాండె. బోరు ఎండిపోయినా, ఎమ్మెల్యే మాట తప్పినా ఆయన చేతిలో పడితే నవ్వే. ఈ పార్టీ, ఆ పార్టీ అని లేదు, ఇద్దరికీ వాతలే. ప్రూఫు నా బల్ల మీదికొస్తే అందరికంటే ముందు నవ్వేది నేనే. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలా. ఎందుకు చెప్పలా? నేనూ కథలు రాస్తాంటి. వాటికి ఒక్క ఉత్తరం వస్తే ఒట్టు. కుళ్లు. ఇంకేం పేరు పెట్టాల దానికి?

మా ఎడిటరుకు ఒక పద్ధతి ఉండె. మెచ్చుకునే ఉత్తరం పక్కన తిట్టే ఉత్తరం కూడా ఉండాల. మా సీమలో పత్రికంటే ఏదో ఒక పార్టీదని అనుమానం కదా, ఆ పేరు రాకూడదని. తిట్టేటోళ్లు లేకపోతే నువ్వే ఏదో ఒకటి రాసి పెట్టప్పా, అనేటోడు. ఓబులేసన్న రాత అర్థం కాలేదని రాసినా సరిపోతాండె. నేను జమ్మలమడుగులో ఒక పెద్దమనిషిని పుట్టించి, ఈ రచయిత ఫలానా పార్టీ మనిషి, వాళ్లను పైపైన గిల్లి మమ్మల్ని కొరుకుతాడు, అని రాసినా. శానా బాగా కుదిరింది. నా కథలేవీ అంత బాగా కుదరలా.

మరుసటి నెల నిజం మనుషులే రాసిరి. కొందరు అవునన్నారు. కొందరు కాదు, అవతలి పార్టీవాడన్నారు. నవ్వినామని ఒక్కరూ రాయలా.

ఒకరోజు ఓబులేసన్న ఆఫీసుకొచ్చె, సంచి నిండా చీనీకాయలతో.

"జమ్మలమడుగాయన ఇల్లు యాడప్పా? పోయి కలిసొస్తా."

"అడ్రసు రాయలేదన్నా."

"అడుగుతా పోతాలే. ఆ మనిషికి నేనేం చేస్తినో తెల్సుకోవాల. ఒక్కసారి నవ్విస్తే సాలు."

అప్పుడన్నా చెప్పుండొచ్చు. మనిషి ఎదురుగా నిలబడుంటే నోరెందుకు రాలా? ఉద్యోగం పోతాదనా, ఆయన ముందర చిన్నబోతాననా? బస్సు యాడ ఎక్కాలో చెప్పి పంపిస్తి. ఎండలో వీధివీధీ తిరిగి, సాయంత్రం అదే సంచితో వచ్చినాడు. "నా మీద కోపంతో కనపడలేదేమోప్పా," అని కాయలు నా బల్ల మీద పెట్టి పోయినాడు. ఇంటికి తీస్కపోతే పిల్లోళ్లు ఇష్టంగా తినిరి.

ఇక ఆయన రాయలా. ఉత్తరాల గోల పోయిందని ఎడిటరు కూడా అడగలా. ఊర్లో రెండు పార్టీలోళ్లూ ఆయన్ని పెండ్లిండ్లకు పిలిచేది మానేసిరంట.

మొన్న గండిలో ఆంజనేయస్వామి దర్శనానికి పోతే ఓబులేసన్న కొడుకు కనపడె. నాయన పోయినాడని చెప్పి, కడాకు ఇంట్లో కూడా ఎకసెక్కాలు ఆడేది మానేసినాడన్నా, అన్నాడు. నేను తలూపి, గుడి లోపలికి కూడా పోకుండా తిరిగొస్తి.

క్షమించమని ఇప్పుడు ఎవుర్ని అడగాల? ఇది రాసినాక రొమ్ము మీద బరువు రవ్వంత దిగినట్టుండాది, అంతే. అంతకంటే అడిగే మొగం నాకు లేదు.

ఓబులేసన్నా, నువ్వు నవ్వించాలని వీధివీధీ ఎతికిన మనిషిని నేనే. నెలనెలా నవ్వతానే ఉంటి.