మేక లేని తీర్మానం

నాది దరఖాస్తుల బతుకు. నిజామాబాదు బస్టాండు వెనక సందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు వేసుకొని ఇరవై ఏళ్లుగా వచ్చినవాళ్ల కాగితాలు నింపుతున్నాను. రేషను కార్డు నుంచి గల్ఫు వీసా దాకా నా చేతి మీదుగా పోనిది లేదు. నాకోసం నేను పెట్టుకున్నవి మాత్రం ఇంతవరకు ఒక్కటీ మంజూరు కాలేదు. అది వేరే సంగతి.

బోధన్ దగ్గర మా బాపు చెరకు వేసేవాడు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కోతకు నంబరు రావాలంటే ముందు కాగితం పెట్టాలి. కాగితం ఆలస్యమైతే చెరకు నిలబడ్డచోటే ఎండేది. అందుకే ఆఖరి తేదీ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ నోరు ఎండుతుంది. ఈ కథలో నేను చేసిన తప్పుకు నా దగ్గరున్న సంజాయిషీ ఇదొక్కటే.

ఒకరోజు మోర్తాడ్ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. ఒకప్పుడు బీడీలు చుట్టేది. ఇప్పుడు పన్నెండు ఊళ్ల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న పసుపు సంఘానికి అధ్యక్షురాలు. నాకన్నా చిన్నదే, కాని ఆ ఊళ్లన్నిటికీ అక్కే కాబట్టి నాకూ అక్కే. వాళ్లు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి పట్టించి వెబ్‌సైటులో అమ్ముతారు. ఎవడో అదే పేరు తీసుకొని, చుక్క తర్వాత ‘కామ్’ అని వచ్చే తోక ఒక్కటి మార్చి, రంగు కలిపిన పొడి అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్లు తిట్టేది మాత్రం అక్కకు ఫోను చేసి.

అంతకుముందు డిచ్‌పల్లిలో ఏదో శిక్షణకు పోయినప్పుడు ఆమె చెవిన ఒక మాట పడింది. ఇంటర్నెట్టు పేర్ల వ్యవహారం చూసే ప్రపంచ సంస్థ ఒకటి ఉందట. చాలా ఏళ్ల తర్వాత అది మళ్లీ కొత్త తోకలకు దరఖాస్తులు తీసుకుంటోందట. తెలుగు అక్షరాల్లో కూడా అడగొచ్చట.

“పేరు ఎవలన్న కొంటరు అన్నా. నాకు పేరొద్దు, తోక కావాలె,” అంది. “సుక్క ఎన్క ‘పసుపు’ అని ఉండాలె. ఆ తోక మన చేతిల ఉంటె దొంగోడు యాడికెల్లి తగిలిచ్చుకుంటడు?”

ఆమె అప్పటికే సంఘం సభలో మాట ఇచ్చి వచ్చింది. ఆఖరి తేదీ లోపల దరఖాస్తు పోవాలి, పోకపోతే తాను కుర్చీ దిగుతుంది. దిగితే ఎక్కడానికి ఒక దళారి మరదలు తయారుగా ఉందని ఆ పన్నెండు ఊళ్లలో అందరికీ తెలుసు.

నేను నింపని దరఖాస్తు ఉంటుందా అక్కా అన్నాను. అన్నాక ఆ సంస్థవాళ్ల మార్గదర్శిని తెరిచి చూశాను. వందల పేజీలు. ఫీజు అని రాసి ఉన్న అంకెను మొదట హెల్ప్‌లైను నంబరు అనుకొని పక్కన రాసిపెట్టుకున్నాను.

రెండు వారాలు చదివితే నాకు అర్థమైంది ఇది. వెబ్‌సైటు పేరు కొనడమంటే మార్కెట్ యార్డులో ఒక దుకాణం అద్దెకు తీసుకోవడం. తోకను అడగడమంటే యార్డునే మేం నడుపుతామనడం. లోపలికి ఎవరిని రానిస్తావు, మోసం చేసినవాడిని ఏం చేస్తావు, రేపు నువ్వే మూతపడితే దుకాణాలవాళ్ల గతేమిటి, అన్నీ అడుగుతారు. యంత్రాలు నడపడానికి ముందే పరీక్ష నెగ్గిన కంపెనీలు ఉంటాయి, వాటిలో ఒకదాన్ని పెట్టుకోవచ్చు. నేను పదిహేను రోజులు పట్టి తెలుసుకున్నది అక్క పదిహేను నిమిషాల్లో పట్టేసింది. అయితే గేటు కాడ కూర్చునేది నేనే అంది.

చిన్న సంస్థలకు ఫీజులో రాయితీ ఉంది. అక్క అడిగి సాధించింది. మిగిలింది పన్నెండు ఊళ్లూ పోగుచేసుకున్నాయి. సలహాకు డబ్బు తీసుకోని వకీలమ్మ కూడా ఒకామె ఆ సంస్థ ద్వారానే దొరికింది. సముద్రాల అవతలి నుంచి వీడియోలో మాట్లాడేది. ఆమె పగలు మా రాత్రి కాబట్టి, మా సౌకర్యం కోసం ఆమే తెల్లవారకముందు లేచేది. నా ఇంగ్లీషు వినడానికి తెల్లవారుజామున లేచిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే.

ఆ వకీలమ్మ ఒక కీలకమైన మాట చెప్పింది. ఇదే తోకను ఇంకెవరైనా అడిగితే, వెనక నిజమైన జనం ఉన్నవాళ్లది ముందు వరుస. కాబట్టి జనం మద్దతు ఉత్తరాలు జతచేయాలి.

“గంతేనా?” అంది అక్క. అప్పటిదాకా ఆ దరఖాస్తులో ఆమెకు సులువనిపించిన ప్రశ్న అదొక్కటే.

మా వైపు ప్రతి ఊళ్లోనూ గ్రామాభివృద్ధి కమిటీ అని ఒకటి ఉంటుంది. ఎన్నికలు, జీతాలు ఉండవు. మాట మాత్రం ఉంటుంది. అది తీర్మానం చేసిందంటే ఊరు చేసినట్టే. వారం తిరగకుండా పన్నెండు ఊళ్ల తీర్మానాలు వచ్చి నా బల్ల మీద పడ్డాయి. స్టాంపు కాగితాలు, ముద్రలు, సంతకాలు, వేలిముద్రలు. నేను ఒక్క అక్షరం వదలకుండా ఇంగ్లీషులోకి మార్చి పంపాను. అక్షరం వదలకపోవడం నా వృత్తి ధర్మం. కొన్నిసార్లు అదే నా వృత్తి రోగం.

వకీలమ్మ చదివి, కళ్లద్దాలు తీసి, ఈ మేక ఎవరిదని అడిగింది.

పన్నెండు తీర్మానాలకూ ఆఖరి వాక్యం ఒకటే. “దీనిని కాదన్నవారు ఊరికి ఒక మేక ఇచ్చుకోవలెను.” మాకది కొత్త కాదు. ఏ తీర్మానానికైనా చివర జరిమానా ఉంటుంది, ఉత్తరానికి చివర ‘ఇట్లు’ ఉన్నట్టు. నా కన్ను దాని మీద నిలవనే లేదు.

“కాదన్నోనిది,” అంది అక్క. నేను ఇంగ్లీషులో చెప్పాను.

వకీలమ్మ చాలా మర్యాదగా వివరించింది. కాదంటే మేక పోతుందన్న భయంతో పెట్టిన సంతకం మద్దతు కాదు, బెదిరింపు. ఇది జతచేస్తే ఉన్న బలమూ పోతుంది. ఇష్టపడి రాసిన ఉత్తరాలు కావాలి. ఆఖరి తేదీకి తొమ్మిది రోజులు ఉన్నాయి.

మర్నాడే అక్క, నేను పెద్ద ఊరి కమిటీ పెద్దమనిషి దగ్గరికి పోయాం. ఆయనను అందరూ కాకా అంటారు. ఆయన ఒప్పుకుంటే మిగతా పదకొండు ఊళ్లూ ఒప్పుకున్నట్టే. మేక వాక్యం తీసేసి మళ్లీ రాసివ్వమని అడిగాం. ఆయన బీడీ ఆర్పేసి మమ్మల్ని జాలిగా చూశాడు.

“మేక లేకుంటె అది తీర్మానం ఎట్లయితది బిడ్డా? పెండ్లి పత్రిక అయితది. ఇష్టమున్నోడు వస్తడు, లేనోడు రాడు.”

వాళ్లకు కావలసింది సరిగ్గా అదే కాకా అన్నాను నేను. అటువంటివాళ్లకు తోకలు పంచే పని ఎవరిచ్చారని ఆయన అడిగాడు. గంటన్నర గడిచింది. చాయ్ రెండుసార్లు వచ్చింది. మేక మాత్రం కదలలేదు. చివరికి అక్కే లేచింది.

“మేక ఉంటది కాకా. మొకం అటు తిప్పుదాం. కాదన్నోని మీద వద్దు. సంతకం పెట్టుమని ఎవలన్న బలిమి జేస్తె, వాని మీద పెడదాం.”

కాకా కొంతసేపు ఆ మాటను తిప్పి తిప్పి చూశాడు. మేక మిగిలింది కాబట్టి తీర్మానం నిలిచినట్టేనన్నాడు. ఈసారి కమిటీ మగవాళ్లు కాదు, పసుపు తవ్వి ఉడకబెట్టే ఆడవాళ్లే సంతకాలు పెట్టాలని అక్క ఇంకో మాట ఇరికించింది. మేక సంతోషంలో ఆయన దానికీ తలూపాడు.

ఊరికో పూట చొప్పున తిరిగాం. కాకా ఊరు చివరన పెట్టుకున్నాం. అప్పటికి రెండు రోజులే మిగిలాయి. అక్కడ అందరూ సంతకాలు పెట్టారు, ఒక అవ్వ తప్ప. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

“పసుపు ముందుగాల పెట్టేది బిడ్డా. గడపకు, మొకానికి. మీరు తీస్కపోయి తోకకు పెడ్తమంటున్నరు. నాకు నచ్చలే.”

నేను గడియారం చూసుకున్నాను. ఆఖరి బస్సుకు పది నిమిషాలు ఉంది. నా కళ్ల ముందు ఎండిన చెరకు కనిపించింది. నేను వంగి, ఆమె బొటనవేలు పట్టుకొని, స్టాంపు ప్యాడు మీద ఆనించి, ఆఖరి తేదీ అవ్వా, ఒక్క వేలు పెట్టు, అయిపోతుంది అన్నాను.

వెనక నుంచి కాకా గొంతు వినిపించింది.

“మేక.”

నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్నే అని తర్వాత తెలిసింది. అవ్వ తన వేలి సిరాను నింపాదిగా నా చొక్కా చేతికి తుడిచింది. ఆ గుర్తు ఇంకా పోలేదు. ఆ సంవత్సరం నేను తీసుకున్న వేలిముద్రల్లో అంత స్పష్టంగా పడింది ఇంకొకటి లేదు.

జరిగినదంతా నాతోనే కాగితం మీద రాయించారు. అవ్వ అభ్యంతరం, దానికి కారణం, నా నేరం, దానికి జరిమానా. అదీ ఒక్క అక్షరం వదలకుండా ఇంగ్లీషు చేశాను. వకీలమ్మ ఈసారి కళ్లద్దాలు తీయలేదు. రెండుసార్లు చదివి, ఇట్లాగే పంపండి, కాదన్న మనిషి ఒకరు కనబడుతున్నారు కాబట్టి ఔనన్నవాళ్లను నేను నమ్ముతాను అంది. మేక ఇచ్చిన రసీదు జతచేద్దామా అని అక్క అడిగింది. అక్కర్లేదంది.

ఆఖరి తేదీకి ఒక పూట ముందు, నా దుకాణంలోనే దరఖాస్తు పంపాం. తెర మీద చక్రం తిరుగుతున్నంతసేపూ అక్క ఊపిరి వినబడింది. అందినట్టు సందేశం రాగానే నాతో రెండుసార్లు చదివించుకుంది. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. ఆ కాగితం అచ్చు తీయించి మడిచి కొంగున ముడివేసుకుంది.

సభలో ఆ కొంగు ముడి విప్పి చూపించింది. కుర్చీ దిగమని ఎవరూ అనలేదు. దళారి మరదలు కూడా చప్పట్లు కొట్టింది, కొంచెం ఆలస్యంగా. దరఖాస్తు ఇప్పుడు పరిశీలనలో ఉంది. వస్తుందో రాదో, ఎన్నాళ్లకో వకీలమ్మ కూడా చెప్పలేకపోయింది.

నా మేకను మాత్రం ఆ సభ రోజే కోశారు. మొదటి గిన్నె అవ్వకు పెట్టారు. ఎట్లుంది అవ్వా అని దగ్గరికి పోయి అడిగాను.

“మంచిగున్నది బిడ్డా,” అంది తలెత్తకుండా. “పసుపు కొంచెం తక్కువైంది.”